నాలవ ధర్మకర్త

హేమంతము ముగిసి శిశిరము ప్రవేశించుచున్న దినములు. ప్రాక్సముద్రవీచికల తుంపురులను మోసికొనివచ్చు లవణగంధి మారుతము మంచుతెరలను మెల్లమెల్లగా తొలగించుచుండగా బందరుపట్టణపు పొలిమేరను ఒరసికొని పారు కాలువనీరు బాలభానుకిరణస్పర్శచే కరగిన రాగివలె మెరయుచుండెను. గట్టుననున్న ఇసుకపరపుపై నీలరక్తహారిద్రవర్ణవిలసితములగు వస్త్రములు బారులు బారులుగా ఆరుచుండెను. అద్దకపుపనివారు మోకాలిలోతు నీటనిలిచి తడిగుడ్డలను బండలపై మోదుచుండగా ఆ మోతలు ఒకదానివెనుక నొకటి తాళము తప్పక వినవచ్చుచుండెను. కరక్కాయ కషాయపు వగరువాసనయు నీలిబానల పులిసిన వాసనయు ఎఱుపునిచ్చు చిరువేరు ఉడుకు కాగుల తీపివాసనయు నొండొంటితో గలసి ఆ ప్రదేశమునకే చెల్లిన యొక విలక్షణపరిమళమై గాలిలో నిలిచియుండెను. నేడు బందరు వీథులలో సంచరించువారికి ఆ వాసన తెలియదు. ఆ కాలమున పుట్టి పెరిగి ఇప్పుడు తలలు నెరసినవారు మాత్రము ఎచ్చటనైన కరక్కాయ నలిగిన వాసన సోకినంతనే మాటలాపి క్షణకాలము ఎటో చూచుచుందురు.

ఆ గట్టున నాలుగెకరముల మేర వ్యాపించియుండిన ఆకురాతివారి అద్దకాలదొడ్డి మిక్కిలి ప్రాచీనమైనది. ఆవరణమధ్యమున తియ్యనీటిబావియు దానికి పడమట నీలిబానలు పాతిన తాటాకుపాకలును ఉత్తరమున పెంకుటింటి వరుసయు నుండెను. ఆ వరుసలో కడపటి గదియందు గోడపొడవున బల్లలమీద పేర్చిన టేకుకొయ్య అచ్చులు వందలకొలదిగ నుండెను. ఒకానొక కాలమున పారసీకదేశపు వర్తకులు ఓడలలో వచ్చి ఆ దొడ్డియందే విడిసి ద్రాక్షలతలును నెమళ్లును అద్దిన దుప్పటులను కొనిపోవుచుండిరి. యంత్రవస్త్రములు దిగుమతియైన పిదప ఆ వర్తకుల రాక సన్నగిలెను. ఐనను ఆ దొడ్డిని నమ్ముకొని నలువది కుటుంబములవారు జీవించుచునే యుండిరి.

ఆ దొడ్డికి యజమానురాలు ఆకురాతి పేరిందేవమ్మ. తొమ్మిదవయేట మెట్టినింట కాలుమోపి అత్తగారి కొంగుపట్టుకొని తిరుగుచు నీలిబాన సిద్ధమైనదో కాలేదో మూతతీయకయే వాసనచే గుర్తించు నేర్పును అలవరచుకొనిన ఆ యిల్లాలికి ఈ కథాకాలమునకు డెబ్బదియొకటవ యేడు. కలిగిన బిడ్డలిరువురును పసితనముననే పోయిరి. భర్తయగు నరసయ్య తన యవసానకాలమున దొడ్డిని, మాగాణిని, సమస్తమును దానవిక్రయాది సర్వస్వాతంత్ర్యములతో భార్యకే వీలునామా వ్రాసి కన్నుమూసెను. నాటినుండి ఇరువదియేండ్లు ఆమె ఆ దొడ్డిని ఒంటిచేతిమీద నడపుకొనివచ్చెను. ఒంటిచేయి యనుటయు పొరపాటే. అచ్చులు చెక్కుటయందు ఆ ప్రాంతమున సాటిలేనివాడును ఆమె యీడువాడునగు ఖాదరు మస్తాను పనివారికి పెద్దయై నలువదియేండ్లుగా ఆ దొడ్డియందే యుండెను. వారిరువురి నడుమ మాటలు తక్కువ. మస్తాను తడిగుడ్డ మూల నొకదానిని ఆమె చేతికిచ్చును. ఆమె దానిని వెలుగునకెత్తి చూచి తలయూపును. అంతతో ఆ దినపు సంభాషణము ముగియును.

ఆ సంవత్సరము కార్తికమాసమున పేరిందేవమ్మ బావిచప్టాపై కాలుజారి పడెను. తుంటి బెణికి నెలదినములు మంచముపట్టెను. అంతకుముందే కంటిపొరలు క్రమ్మి చూపు మసకబారియుండెను. ఆ కష్టకాలమున ఆమెను కనిపెట్టి చూచినవాడు బావగారి కుమారుడు కోటిలింగము. ఐదవయేట తల్లిని కోల్పోయిన కోటిలింగమును పేరిందేవమ్మయే పదియేండ్లు నిండువరకు పెంచెను. తరువాత అన్నదమ్ములు వేరుపడిరి. కోటిలింగము తండ్రి తన పాలికి భూములను కోరుకొని దొడ్డిని తమ్మునికి వదలుకొనెను. ఆ భూములు కొంతకాలమునకే చేజారినవి. దొడ్డిలో సగము న్యాయముగా తనదేయని ఆయన చనిపోవువరకు గొణుగుచునే యుండెను. ఆ గొణుగుడు వినుచు పెరిగిన కోటిలింగమునకు ఇప్పుడు నలువదియైదేండ్లు. ధాన్యపు వ్యాపారమున నిలద్రొక్కుకొని పడవలు వచ్చి ఆగుటకు అనువగు కాలువగట్టున బియ్యపుమిల్లు నొకదానిని నెలకొల్పవలెనని ఉవ్విళ్లూరుచుండెను. పినతల్లి మంచమువద్ద అతడు చేసిన శుశ్రూష కపటము కాదు. అతని మనస్సున మిల్లు మెదలుచుండుటయు అబద్ధము కాదు. ఈ రెండును ఒకే హృదయమున ఒదిగియుండుట లోకమున అరుదుగాదు.

పేరిందేవమ్మ లేచి కూర్చుండగలిగిన నాడు అతడు ఆమె కాలికి తైలము రాచుచు మాట కదిపెను.

"పిన్నీ, నీకు చూపా ఆనటంలేదు, కాలా నిలవటంలేదు. ఈ దొడ్డి గొడవంతా ఎన్నాళ్లని మోస్తావు? నా పేర దానపత్రం రాసెయ్యి. మా ఇంట్లో ఉందువుగాని. కోడలు నీకు ఏ లోటూ రానివ్వదు."

"రాయించుకురా నాయనా" అని ఆమె సులభముగా నంగీకరించెను. నెలదినములు తనకు అన్నముకలిపి పెట్టిన చేయి అది. కాదనుటకు ఆమెకు నోరాడలేదు. కాగితమును మాత్రము తన భర్త వీలునామా వ్రాసిన వకీలు కందాళ వరదాచార్యులవారే చదివి వినిపింపవలెనని కోరెను.

నాలుగుదినములకు స్టాంపుకాగితము సిద్ధమయ్యెను. వృద్ధుడగు వరదాచార్యులు కళ్లజోడు సవరించుకొని పత్రమును ఆద్యంతము చదివెను. పేరిందేవమ్మ కన్నులు మూసికొని విని మరల చదువుమనెను. ఆయన మరల చదివెను.

"ఆచార్లుగారూ, ఇందులో నేనెక్కడున్నాను?"

"మొదటి వరసలో ఉన్నారమ్మా, రాసి ఇచ్చినవారుగా."

"ఆ తరవాత?"

వరదాచార్యులు కాగితమును మడచి ఒడిలో నుంచుకొని "ఆ తరవాత లేరమ్మా" అనెను.

కోటిలింగము నొచ్చుకొని "కాగితంలో లేకపోతేనేం పిన్నీ, నా మనసులో లేవూ?" అనెను.

"ఉన్నాను నాయనా, నాకు తెలుసు. రేపు నీకేదన్నా అయితే నీ పిల్లల మనసులో ఉంటానో లేదో నీకు మాత్రం ఏం తెలుసు? నాలుగు రోజులు ఆలోచించుకోనియ్యి."

కోటిలింగము ముఖము చిన్నబుచ్చుకొని వెడలిపోయెను. అతడు గడపదాటిన పిదప ఆమె స్మృతిపథమున చిరవిస్మృతయగు చిట్టెమ్మ నిలిచెను. చిట్టెమ్మ ఆమె అత్తగారికి చెల్లెలు. కాళహస్తియాత్రకు పోవుచు మరల వత్తునో రానోయని తన యింటిని అల్లునిపేర వ్రాసియిచ్చి సుఖముగా తిరిగివచ్చినది. అల్లుడు దుర్మార్గుడు కాడు. కాని మూడేండ్లలో అతడు విషజ్వరమున పోగా అతని అన్నదమ్ములు వచ్చి యింటిని పంచుకొనిరి. చిట్టెమ్మ మిగిలిన జీవితమును ఈ దొడ్డి చావడిలో గడపెను. పండ్రెండేండ్ల కోడలుపిల్లయగు పేరిందేవమ్మ అన్నపు పళ్లెరము తీసికొనిపోయినప్పుడెల్ల ఆ ముసలమ్మ ఇటునటు చూచి ఎవరును వినకుండునట్లు "అమ్మాయీ, కాస్త ఉప్పుందా?" అని అడుగుచుండెను. ఉప్పు అడుగుటకైనను గొంతు తగ్గించుకొనవలసిన ఆ దైన్యము అరువదియేండ్ల పిదప ఆమె చెవులలో మరల ధ్వనించెను.

మరునాడామె వరదాచార్యులను పిలిపించి ఏమిచేయదగునని అడిగెను. ఆయన న్యాయస్థానపు పదాడంబరము విడిచి యింటి పెద్దవానివలె బోధపరచెను.

"మూడు దారులున్నాయమ్మా. దానపత్రం రాస్తే ఇవాళే ఇచ్చేసినట్టు. రేపు మనసు మారినా వెనక్కి రాదు. వీలునామా రాస్తే మీరున్నన్నాళ్లూ అంతా మీదే, తరవాతనే చెందుతుంది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మూడోది ట్రస్టు. ఆస్తి ఫలానా పనికే వాడాలని రాసి, దాన్ని చూసుకోడానికి ధర్మకర్తల్ని పెడతారు. వాళ్లు కాపలాదార్లే గాని సొంతదార్లు కారు. అమ్ముకోలేరు."

"అందులో నేనుండొచ్చా?"

"ఉండొచ్చు. ఈ ఇంట్లో ఉండే హక్కూ మీ తిండికీ మందుకూ చాలినంత ఆదాయమూ జీవితాంతం మీకే అని రాసుకోవచ్చు. రాసుకోవాలి. మొహమాటపడి దాన్ని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను."

ఆ మధ్యాహ్నము ఆమె మస్తాను భుజము నూతగా గొని అచ్చులగదిలో ప్రవేశించెను. కిటికీనుండి వాలిన యెండలో టేకుకొయ్యల మీది ధూళి బంగారుపొడివలె లేచెను. కన్నులు సహకరింపకున్నను వ్రేళ్లు సహకరించెను. ఒక్కొక అచ్చును తడవుచు ఆమె దాని చరిత్రమును చెప్పుకొనిపోయెను. ఈ మామిడిపిందె తన కాపురపు తొలియేట చెక్కినది. ఈ జంటచిలుకలలో నొకదాని ముక్కు విరిగినందులకు మామగారు రెండుదినములు అన్నము మానినారు. ఈ ద్రాక్షతీగ దుప్పటులను తెల్లగడ్డపు పారసీకవర్తకుడొకడు ముఖమునకద్దుకొని తన భాషలో నేమో పాడినాడు. ఆ పాట అర్థము కాకపోయినను నరసయ్య కన్నుల నీరుపెట్టుకొన్నాడు. ఇట్లు చెప్పుచు చెప్పుచు ఆమె బల్ల కొసన ఆగి "మస్తానూ, ఇవన్నీ అమ్మితే ఏం వస్తుంది?" అని అడిగెను.

మస్తాను అచ్చునొకదానిని పంచెతో తుడిచి "కట్టెల కింద అమ్మితే ఒక పెళ్లి వంటకి సరిపోతాయమ్మా. అద్దేవాళ్లుంటేనే ఇవి అచ్చులు" అనెను.

ఆ మాటతో ఆమె మనస్సు స్థిరపడెను. మాగాణి యావత్తు తన యనంతరమున కోటిలింగమునకు చెందునట్లు వీలునామా వ్రాయించెను. దొడ్డిని, బావిని, అచ్చులను ట్రస్టుక్రింద నుంచుటకు నిశ్చయించెను. నలువది కుటుంబములవారును బానలను, కాలువరేవును, అచ్చులను వాడుకొనవచ్చును. నిలిచి పనిచేయలేని వార్ధక్యమున పడిన పనివారికి దొడ్డి యాదాయమునుండి నెలనెలా బియ్యము ముట్టవలెను. దొడ్డిని ఎవ్వరును ఎన్నటికిని అమ్మరాదు. ఆ యింట నివసించు హక్కును తిండికిని మందుకును చాలిన యాదాయమును జీవితాంతము తనకే యుండవలెను. తానును వరదాచార్యులును మస్తానును ధర్మకర్తలు. ప్రతిసంవత్సరము మాఘశుద్ధపంచమినాడు ధర్మకర్తలు అచ్చులగదిలో సమావేశమై జరిగిన సంగతులను పుస్తకమున వ్రాయవలెను.

ఈ వార్త విని కోటిలింగము మండిపడెను. చూపులేని వృద్ధురాలి బుద్ధి చలించినదనియు వకీలును మస్తానును కూడబలుకుకొని ఆమెను ఆడించుచున్నారనియు అతడు రిజిస్ట్రారు కచేరిలో ఆక్షేపణపత్రము దాఖలుచేసెను. పేరిందేవమ్మ కదలలేని స్థితిలో నుండుటచే సబురిజిస్ట్రారు అయ్యగారి సోమసుందరము తానే దొడ్డికి వచ్చి విచారింప నిశ్చయించెను.

ఆనాడు పని నిలిచెను. నీలికాళ్లతో, ఎఱ్ఱచేతులతో పనివారు ముంగిటనే నిలిచిరి. చావడిలో పట్టెమంచముపై పేరిందేవమ్మ దిండునానుకొని కూర్చుండెను. వరదాచార్యులును మస్తానును నొకవైపునను కోటిలింగము మరియొకవైపునను నిలిచిరి. సోమసుందరము పిన్నవయస్కుడయ్యును నిదానస్వభావుడు. కాగితమేమిటో, ఎవరికేమి చెందునో, దొడ్డి సరిహద్దులేవో ఒక్కొక్కటిగా అడిగెను. ఆమె తడువుకొనక చెప్పెను.

"ఇవన్నీ నేర్పిన చిలకపలుకులండీ" అని కోటిలింగము అడ్డుతగిలెను.

సోమసుందరము కలము క్రిందనుంచి "అమ్మా, ఇది కాగితంలో లేని ప్రశ్న. మీ చేతులమీద పెరిగిన బిడ్డ మీకు మతి లేదని ఫిర్యాదు చేశాడు. అతని మీద కోపంతో ఇది రాస్తున్నారా?" అనెను.

పేరిందేవమ్మ ముఖము కోటిలింగము గొంతు వినవచ్చిన దిక్కునకు తిరిగెను.

"వాళ్లమ్మ పోయిన నెలలో వీడు నీలిబానలో మోచేతిదాకా చెయ్యి పెట్టాడండీ. అయిదేళ్లు. చెయ్యంతా నీలమై పోతే అమ్మలాగా తనూ చచ్చిపోతున్నాననుకుని పాకలో దాక్కున్నాడు. రంగు పొయ్యేదాకా పన్నెండు రోజులు నా పక్కలోంచి కదల్లేదు. వాడిమీద నాకు కోపమేమిటి? వాళ్ల నాన్న పోగొట్టుకున్నది వీడి గుండెల్లో ముల్లై కూచుంది. దొడ్డి వీడి చేతికిస్తే దొడ్డి పోతుంది. వీణ్ని దొడ్డి బయట నిలబెడితే వీడు పోతాడు." ఆమె వకీలువైపు చేయిచాచెను. "ఆచార్లుగారూ, అడుగున చోటుందా? నాలుగో ధర్మకర్త కోటిలింగమని రాయండి."

వరదాచార్యులు దిగ్భ్రాంతుడై "అమ్మా, వీలులేదు. ట్రస్టు చెల్లదన్నవాణ్ని ట్రస్టులో పెడతారా?" అనెను.

"పోట్లాడేవాడికి దీనిమీద పట్టింపుంది. పట్టింపు లేనివాణ్ని పెట్టి నేనేం చేసుకోను?"

వకీలు ఆ పంక్తి వ్రాసెను. మంచముపట్టెపై కాగితముంచి వ్రేలితో చోటుచూపగా పేరిందేవమ్మ చేవ్రాలు చేసెను. సోమసుందరము దస్తావేజును రిజిస్టరుచేసి అంగీకారసూచకముగా చేవ్రాలు చేయుమని కలమును కోటిలింగమునకు చాచెను. అతడు కలమువంకగాని పినతల్లివంకగాని చూడక పనివారిని తొలగించుకొని వెడలిపోయెను.

"వాడి చోటు ఉండనివ్వండి" అని మాత్రము పేరిందేవమ్మ పలికెను.

పిమ్మట ఆమె ఏడేండ్లు జీవించెను. చూపు పూర్తిగా పోయెను. కాలు కొంత స్వాధీనమై చేతికఱ్ఱతో బానలచుట్టును తిరుగుచు వాసననుబట్టి పనివారిని హెచ్చరించుచుండెను. తన యింట తానుండి తన ఉప్పు తాను వేసికొని తినుచు ఎవరికిని గొంతు తగ్గింపక ఆమె ఆ దినములను గడపెను. పనివారిలో వార్ధక్యముపైబడిన మువ్వురు చావడి నీడను చేరి నెలబియ్యము నందుకొనుచు పిన్నలకు రంగుల పాళ్లు చెప్పుచుండిరి. కోటిలింగము కాలువకావల వేరొకచోట మిల్లు కట్టెను. పండుగకును పబ్బమునకును అతని భార్య వచ్చి పినయత్తగారిని చూచిపోవుచుండెనుగాని అతడు మాత్రము దొడ్డిలో కాలుపెట్టలేదు. ఎనిమిదవయేట పుష్యమాసమున ఒక ఉదయమున పేరిందేవమ్మ ఎండలో కూర్చుండి కూర్చుండియే ప్రాణము విడిచెను. తలకొఱివి పెట్టుటకు కోటిలింగము వచ్చెను. అంత్యక్రియలు యథావిధిగా జరపెను. అతని కన్నుల నొక్క చుక్కయు రాలలేదు.

వీలునామాప్రకారము మాగాణి అతనికి చెందెను. కాని పాతముల్లు కదలెను. పినతల్లి లేని లోకమున దొడ్డికి వారసుడు తానేకదా యని, ట్రస్టును రద్దుపరప దావావేయుటకు పట్టణమున వేరొక వకీలును కుదుర్చుకొనెను. దావాకు మునుపు ట్రస్టు పుస్తకమును చూచుకొనుట మంచిదని ఆ వకీలు సలహాయిచ్చెను. నాలవ ధర్మకర్తగా పేరున్నందున దానిని చూచుటకు అతనికి అధికారము కలదు.

కావున మాఘశుద్ధపంచమినాటి పూర్వాహ్ణమున కోటిలింగము ముప్పదియేండ్ల పిదప అచ్చులగది గడపదాటెను. లోపల నాలుగు పీటలు వేసియుండెను. ఎనుబదియేండ్ల వరదాచార్యులు నొకదానిపైనను మస్తాను నొకదానిపైనను కూర్చుండియుండిరి. వారిరువురును ఆశ్చర్యము కనబరుపలేదు. మస్తాను పుస్తకమును తెచ్చి అతని చేతికిచ్చెను.

కోటిలింగము నిలుచుండియే పుటలు త్రిప్పెను. మొదటి సంవత్సరపు పుటలో బావికి రాతికట్టు కట్టించిన సంగతియు బియ్యము పొందిన వృద్ధుల పేర్లును వకీలు చేతివ్రాతలో నుండెను. అడుగున నొక పంక్తి. *కోటిలింగము రాలేదు. చోటు ఉంచడమైనది.* దాని క్రింద పేరిందేవమ్మ చేవ్రాలు వరుస తప్పక నిలిచియుండెను. రెండవ సంవత్సరమునను అదే పంక్తి. మూడవయేట చేవ్రాలిలోని అక్షరములు గీతదాటి పైకి ప్రాకినవి. నాలవయేట *కోటిలింగమునకు జ్వరమని తెలిసినది. కషాయము పంపడమైనది. చోటు ఉంచడమైనది* అని యుండెను. ఆ కషాయమును తన భార్య పుట్టినింటివారు పంపిరని అతడు నమ్మి త్రాగియుండెను. ఐదవయేట చేవ్రాలిలో 'పేరి' యను రెండక్షరములే మిగిలినవి.

ఆరవ పుటవద్ద అతని చేయి నిలిచెను. *కోటిలింగము గుమ్మము దాకా వచ్చి వెళ్ళినట్లు మస్తాను చెప్పినాడు. చోటు ఉంచడమైనది.*

ఆ దినము అతనికి తెలిసినదే. ఎందులకు వచ్చెనో తానే యెరుగడు. గోడచాటున నిలిచి ఆమె చేతికఱ్ఱ చప్పుడు వినినాడు. ఎవ్వరును చూడలేదనుకొని మరలిపోయినాడు.

ఏడవ పుటలో చేవ్రాలు లేదు. నీలిరంగు వ్రేలిముద్ర యొకటి యుండెను.

"సిరాబుడ్డి చేతికందలేదయ్యా" అని మస్తాను మెల్లగా చెప్పెను. "పుస్తకం పాకలోకే తెమ్మని నీలిబానలో వేలు ముంచింది. పడ్డప్పుడు ఆకుపచ్చగా పడింది. చూస్తూండగానే నీలమైంది. 'ఏం రంగు తిరిగింది మస్తానూ' అని అడిగింది. నీలమేనమ్మా అన్నాను. 'అయితే చెరగదు' అంది."

కోటిలింగము పీటపై చతికిలబడెను. శ్మశానమున రాని కన్నీరు అపుడు వచ్చెను. నలువదియేడేండ్లనాడు తల్లిని పోగొట్టుకొనినవాడు రెండవతల్లికై బిడ్డవలె వెక్కివెక్కి యేడ్చెను. వృద్ధులిరువురును అతని దుఃఖము తీరువరకు కాచుకొనియుండిరి.

కొంతసేపటికి అతడు కండువాతో ముఖము తుడుచుకొని "ఈ ఏటిది రాశారా?" అని అడిగెను.

"లేదు. నువ్వు రాస్తావేమోనని చూస్తున్నాం" అని వరదాచార్యులు కలమును చాచెను.

ఏడేండ్లక్రిందట త్రోసిపుచ్చిన కలమును కోటిలింగము అందుకొనెను. ఆ సంవత్సరపు సంగతులను వకీలు చెప్పగా వ్రాసెను. వరదాచార్యులుగారు, మస్తానుగారు, కోటిలింగము హాజరైరని వ్రాసెను. నాలవ పీట ఖాళీగా నుండుట చూచి ఎవ్వరును చెప్పకయే మరియొక పంక్తిని చేర్చెను. *పిన్ని రాలేదు. చోటు ఉంచడమైనది.*

చనిపోయినవారికి ధర్మకర్తృత్వము చెల్లదని వరదాచార్యులకు తెలియకపోలేదు. ఆయన ఆ పంక్తిని చదివి కళ్లజోడు తీసి ఉత్తరీయముతో తుడుచుకొని దానిక్రిందనే చేవ్రాలు చేసెను.

దావా వేయబడలేదు. కోటిలింగము పందొమ్మిదేండ్లు ఆ దొడ్డికి ధర్మకర్తయై తన మిల్లును కొడుకులకప్పగించి పగలెల్ల బానలవద్దనే గడపెను. ఇల్లును పొలమును ఎవరికెంత పంచవలెనో లెక్కగట్టి చెప్పగల ప్రాజ్ఞులు ప్రతియూరను గలరు. అలిగి లేచిపోయిన మనుష్యునికి తిరిగివచ్చి కూర్చుండుటకు చోటుంచవలెనని తెలిసినవారు అరుదు. ఆస్తిని కాపాడునది రాతకోతలే యైనను ఆ రాతకోతలకు కాపు అట్టివారి ఓర్పు. కాలక్రమమున వరదాచార్యులు పోయెను. పిదప మస్తాను పోయెను. వారి స్థానములందు క్రొత్తవారు వచ్చిరి. ప్రతిమాఘమునను అచ్చులగదిలో పీటలు పెరుగుచు వచ్చినవి. పుస్తకమున వచ్చినవారి పేర్లకంటె రానివారి పేర్లే యధికములైనవి. వారిలో నొక్కరి చోటైనను తీసివేయబడలేదు.